కాపురం తగవులకు వేరే కోర్టు కావాలన్న దుర్గాబాయి

గోదావరి జిల్లాల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినని వారు అరుదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన వీరవనితగా, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా ఆమెను అందరూ చెప్పుకుంటారు. అయితే ఈనాడు మన పల్లెల నుంచి భార్యాభర్తల తగవులు, విడాకులు, మనోవర్తి, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్న వ్యాజ్యాలు ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కుతున్నాయంటే, అలాంటి కోర్టు మన దేశంలో ఉండాలని మొదట గట్టిగా చెప్పినది మన గోదావరి ఆడపడుచేనన్న సంగతి చాలామందికి తెలియదు. ఆమె సొంత కథ తెలిసిన వారికి మాత్రం ఇందులో ఆశ్చర్యం కలగదు.

ఎనిమిదో ఏట పెళ్లి

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఆ రోజుల ఆచారం ప్రకారం ఎనిమిదో ఏటనే ఆమెకు పెళ్లి చేశారు. వరుడు సుబ్బారావు, ఒక జమీందారీ కుటుంబానికి దత్తుడు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసులో మెడలో తాళి పడింది.

అప్పట్లో ఆడపిల్ల పెళ్లికి కనీస వయసు అంటూ ఏ చట్టమూ లేదు. శారదా చట్టం వచ్చింది 1929లో. అదైనా పద్నాలుగేళ్లు నిండితే చాలన్నది. పెళ్లయిన పిల్ల పుట్టింట్లో పెరగడం, ఈడు వచ్చాక మంచి రోజు చూసి అత్తవారింటికి పంపడం ఆనాటి ఆనవాయితీ. వెళ్లనని పిల్ల అనడానికి లేదు. అన్నా వినేవారు లేరు.

దుర్గాబాయి అన్నారు. కాపురానికి పంపే వయసు వచ్చేసరికి ఆమె ఆలోచనలు వేరుగా ఉన్నాయి. ఇంగ్లీషు చదువు వద్దని పన్నెండో ఏటనే బడి మానేసి, ఆడవాళ్లకు హిందీ నేర్పడానికి సొంతంగా పాఠశాల పెట్టారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు ఆయన చేత దేవదాసీలకు, ఘోషా స్త్రీలకు ప్రత్యేకంగా సభ పెట్టించాలని పట్టుబట్టి, అందుకు కావలసిన విరాళం పోగుచేయించారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపిన సంగతి మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి పిల్ల జమీందారు ఇంటి కోడలిగా లోగిలిలో కూర్చోలేనని తెలుసుకుని, ఈ కాపురం తనకు కుదరదని నేరుగా చెప్పేశారు.

తండ్రి అడ్డు చెప్పలేదు. తమ్ముడు అండగా నిలిచాడు. బంధువులు, ఊరివాళ్లు ఏమనుకుంటారోనని ఆ ఇల్లు వెనుకాడలేదు. సుబ్బారావు గారు కూడా పట్టుదలకు పోలేదు. మరో పెళ్లి చేసుకోమని దుర్గాబాయే ఆయనకు చెప్పగా, ఆయన అలాగే చేసుకున్నారు.

చట్టంలో దారి లేని కాలం

ఇక్కడ ఒక సంగతి మనం గమనించాలి. భార్యాభర్తలు మాటల మీదనే విడిపోయారు. ఏ కోర్టుకూ వెళ్లలేదు. వెళ్దామన్నా అప్పటి హిందూ ధర్మశాస్త్రం ప్రకారం విడాకులనేవి లేవు. కొన్ని కులాల్లో మాత్రం పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకుని మారుమనువు పోయే ఆచారం ఉండేది. దుర్గాబాయి పుట్టిన కులంలో ఆ ఆచారం లేదు. మగవాడు ఒక భార్య ఉండగానే మరొకరిని చేసుకోవచ్చు. చట్టం తప్పుపట్టదు. ఆడదానికి మాత్రం భర్త బతికి ఉన్నంత కాలం ఆ ముడి అలాగే ఉంటుంది. సుబ్బారావు గారు మళ్లీ ఇల్లు కట్టుకున్నారు. దుర్గాబాయి చదువు, దేశసేవ చూసుకున్నారు. ఆమె ఒంటరిగా నిలబడగలిగారంటే తండ్రి మంచివాడు, భర్త మొండికెత్తలేదు కాబట్టే. తండ్రి కాదంటే, భర్త పంతం పట్టి కోర్టుకెక్కితే ఆమె గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

ఇదే సంగతి మరో రూపంలో ఆమె ఎదుటికి వచ్చింది. సుబ్బారావు గారు 1941లో చనిపోయారు. ఆయన రెండో భార్యను భర్త తరఫు బంధువులు ఆదరించలేదు. ఈ కబురు తెలిసిన దుర్గాబాయి తరువాతి కాలంలో ఆమెను ఆంధ్ర మహిళా సభకు పిలిపించుకున్నారు. చేతిపనులు నేర్పించి, తన తిండి తాను సంపాదించుకునేలా చేశారు. మన ఊళ్లలో సవతి అన్న మాటకు ఎంత విషం పులిమి చెబుతారో అందరికీ తెలుసు. దుర్గాబాయి మాత్రం ఆమెలో తనలాంటి ఆడదాన్నే చూశారు. ఒకే మగవాడి ఇంటికి ఇచ్చిన ఇద్దరు ఆడపిల్లలు. ఒకరికి పుట్టింటి అండ దొరికింది. రెండో ఆమెకు ఏ అండా దొరకలేదు.

జైలు నేర్పిన పాఠం

1930 ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి మద్రాసులో పాల్గొని అరెస్టయ్యారు. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధుర జైలులో ఒంటరి గదిలో ఉంచారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది.

జైళ్లలో ఆమె చూసినది రాజకీయ ఖైదీలను మాత్రమే కాదు. అక్షరం ముక్క రాని ఆడవాళ్లు ఏళ్ల తరబడి శిక్ష అనుభవిస్తూ కనిపించారు. తమ మీద ఏం కేసు పెట్టారో, కోర్టులో తాము ఏం ఒప్పుకున్నారో కూడా వాళ్లలో కొందరికి తెలియదు. వాళ్ల తరఫున మాట్లాడేందుకు వకీలు లేడు. చట్టం చదివి ఇలాంటి వారి పక్షాన నిలబడాలన్న నిర్ణయం ఆమెకు అక్కడే కలిగింది.

బయటికొచ్చాక బడి చదువు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. బెనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె తానే కొందరు అమ్మాయిలను కూడగట్టి వసతి ఏర్పాటు చేసుకుని, సీటు సంపాదించి రాజనీతిశాస్త్రంలో డిగ్రీ తీసుకున్నారు. తరువాత మద్రాసులో లా చదివి 1942లో ప్లీడరు వృత్తిలో చేరారు. అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్లు.

ఈలోగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ ఏర్పడింది. చదువు మధ్యలో ఆగిపోయినవారు, వితంతువులు, భర్త వదిలేసినవారు అక్కడికి వచ్చి బెనారసు మెట్రిక్ పరీక్షకు తయారయ్యేవారు. ఆడదానికి చేతిలో ఒక చదువు, ఒక పని ఉంటే అన్యాయాన్ని ఎదిరించే ధైర్యం దానంతట అదే వస్తుందని ఆమె నమ్మకం.

హిందూ కోడ్ బిల్లు

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభను నడిపే అధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక మహిళ ఆమె. పెళ్లి, విడాకులు, దత్తత, వారసత్వం అన్నిటినీ ఒక చట్టంగా తేవాలని డాక్టర్ అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు చేపట్టినప్పుడు ఆమె దాన్ని సమర్థించారు. ఆడపిల్లకు ఆస్తిలో హక్కు ఉండాలని వాదించారు.

ఆ బిల్లుకు లోపలా బయటా పెద్ద వ్యతిరేకత వచ్చింది. ధర్మం నాశనమవుతుందని, కాపురాలు కూలిపోతాయని సభలు పెట్టి చెప్పారు. బిల్లు ముందుకు సాగక అంబేద్కర్ 1951లో మంత్రి పదవికే రాజీనామా చేశారు. 1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఆ బిల్లు తరువాత ముక్కలు ముక్కలుగా 1955, 1956 సంవత్సరాల్లో నాలుగు చట్టాలై బయటికొచ్చింది. అప్పటికి ఆమె పార్లమెంటులో సభ్యురాలు కారు.

మన ప్రాంతానికి వస్తే, మద్రాసు రాష్ట్రంలో 1949లోనే ఒక చట్టం చేసి, ఒక భార్య ఉండగా మరో పెళ్లి చెల్లదన్నారు. కొన్ని కారణాలపై విడాకులకూ వీలు కల్పించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసులోనే ఉన్నందున ఆ చట్టం మనకు వర్తించింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దాన్నే దేశమంతటికీ విస్తరించినట్లయింది.

1953 జనవరి 22న దుర్గాబాయి అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. ఆయన భార్య పోయిన మనిషి. పెళ్లికి సాక్షి సంతకం చేసినవారిలో నెహ్రూ ఒకరు. ఎనిమిదో ఏట పెద్దలు కుదిర్చిన పెళ్లి జరిగిన మనిషి, నలభై మూడో ఏట తన ఇష్టపూర్వకంగా మళ్లీ పెళ్లి చేసుకున్నారు.

చైనా ప్రయాణం, కొత్త ఆలోచన

ప్రణాళికా సంఘం సభ్యురాలిగా, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలిగా ఆమె దేశమంతా తిరిగారు. అదే సంవత్సరం చైనా వెళ్లినప్పుడు అక్కడ కుటుంబ తగాదాలను విచారించే ప్రత్యేక న్యాయస్థానాల పనితీరు చూశారు. మన దేశానికి అలాంటివి కావాలని ఆమెకు తోచింది.

ఆమెకు ఎందుకలా తోచిందో మన కోర్టుల పద్ధతి చూస్తే తెలుస్తుంది. పొలం గట్టు తగాదా, అప్పు నోటు దావా, భార్యాభర్తల వ్యాజ్యం, మూడూ ఒకే కోర్టులో, ఒకే తీరుగా నడిచేవి. పొలం దావాలో ఓడినవాడు గెలిచినవాడి మొహం చూడనక్కర్లేదు. కాపురం దావాలో అలా కాదు. విడిపోయినా ఇద్దరికీ మధ్య పిల్లలుంటారు. వాయిదాకు వాయిదాకు మధ్య పిల్లలు ఎదిగిపోతారు. నలుగురి ఎదుట బోనెక్కి సొంత ఇంటి సంగతులు చెప్పలేక ఎంతోమంది ఆడవాళ్లు దావాయే మానుకుంటారు.

తిరిగొచ్చాక ఆమె ఈ విషయం బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ఎం.సి. చాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్‌లతో చర్చించారు. నెహ్రూకూ చెప్పారు. పని వెంటనే కాలేదు. 1974లో లా కమిషన్ తన నివేదికలో కుటుంబ వ్యాజ్యాలను వేరే తీరుగా విచారించాలని సిఫారసు చేసింది. దేశంలోని మహిళా సంఘాలు కూడా ఒత్తిడి తెచ్చాయి. చివరకు 1984లో పార్లమెంటు ఫ్యామిలీ కోర్టుల చట్టం చేసింది. దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. చట్టం వచ్చేనాటికి ఆమె పోయి మూడేళ్లు దాటింది.

ఆమె బతికి ఉండగానే వచ్చిన మరో సవరణను ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. 1976లో హిందూ వివాహ చట్టానికి ఒక నిబంధన చేర్చారు. పదిహేనేళ్లు నిండకుండా పెళ్లి చేసిన ఆడపిల్ల, పదిహేను దాటి పద్దెనిమిది నిండేలోగా ఆ పెళ్లిని కాదంటే, దాన్ని కారణంగా చూపి విడాకులు తీసుకోవచ్చు. కాపురం చేసినా చేయకపోయినా ఈ హక్కు ఉంటుంది. చిన్నతనంలో దుర్గాబాయి తండ్రి అండతో చేసిన పని, యాభై ఏళ్ల తరువాత ప్రతి ఆడపిల్లకూ చట్టం ఇచ్చిన హక్కయింది. 2006లో వచ్చిన బాల్యవివాహ నిషేధ చట్టం ఇంకొంచెం ముందుకెళ్లింది. మైనరుగా ఉండగా పెళ్లి జరిగినవారు మేజరయ్యాక రెండేళ్లలోపు కోర్టుకు వెళ్లి ఆ పెళ్లినే రద్దు చేయించుకోవచ్చు.

మన పల్లెలకు తెలియవలసినవి

దుర్గాబాయి కోరిన కోర్టు వచ్చింది గాని, దాని సంగతి పల్లెల్లో ఇంకా సరిగా తెలియదు. అందుకే కొన్ని విషయాలు వివరంగా రాయడం అవసరం.

మొదటిది, స్టాంపు కాగితాల విడాకులు. పెద్దమనుషుల్లో కూర్చుని కాగితం రాసుకుని, సంతకాలు పెట్టించి, ఇక ఎవరి దారి వారిదని పంపేయడం మన వైపు ఇప్పటికీ ఉంది. తమ కులంలో అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేయగలిగితేనే హిందూ వివాహ చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. రుజువు కాకపోతే ఆ కాగితానికి విలువ లేదు. పెళ్లి పెళ్లిగానే ఉంటుంది. ఆ కాగితం నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు. ఆ రెండో ఆమె, పిల్లలు ఇబ్బందుల్లో పడతారు. పెద్దమనుషులు రాజీ చేయడం మంచిదే. విడాకులు మాత్రం కోర్టు డిక్రీతోనే తీసుకోవడం క్షేమం.

రెండోది, ఇద్దరికీ ఇష్టమైన విడాకులు. 1976 నుంచి ఈ వీలు ఉంది. ఏడాదిగా విడిగా ఉంటూ, ఇద్దరూ ఒప్పుకుని కలిసి దరఖాస్తు పెట్టాలి. ఆరు నెలల తరువాత కోర్టు మళ్లీ ఇద్దరినీ అడుగుతుంది. ఆ లోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. రాజీకి ఏ ఆశా లేదని తేలిన కేసుల్లో ఆ ఆరు నెలల గడువును కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడోది, పిల్లలు. మగపిల్లవాడు మా వంశాంకురం, ఇచ్చేది లేదని తండ్రి వైపువారు లాక్కెళ్లడం, తల్లి ఏడుస్తూ పుట్టింటికి చేరడం మనం చూస్తూనే ఉన్నాం. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం అయిదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలి. ఆ వయసు దాటిన పిల్లల విషయంలో కూడా తల్లి హక్కా, తండ్రి హక్కా అని కోర్టు చూడదు. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముందు. తండ్రి బతికి ఉన్నా, పిల్లల బాగోగులు తల్లే చూస్తున్నప్పుడు ఆమె కూడా సహజ సంరక్షకురాలు కాగలదని 1999లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒకరి దగ్గర బిడ్డను ఉంచినా, రెండోవారు వచ్చి చూసి వెళ్లడానికి కోర్టు రోజులు నిర్ణయిస్తుంది.

నాలుగోది, మనోవర్తి. విడాకుల కేసు నడుస్తుండగానే తిండికి, కోర్టు ఖర్చులకు అడగవచ్చు. విడాకులు కోరకుండా మనోవర్తి ఒక్కటే కోరుతూ కూడా అర్జీ పెట్టవచ్చు. పూర్వం 125వ సెక్షన్ అని అందరూ చెప్పుకునే కేసు అదే. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో అది 144వ సెక్షన్ అయింది. ఏ మతంవారైనా దీన్ని కోరవచ్చు.

ఫ్యామిలీ కోర్టులో మొదట రాజీకి ప్రయత్నించడం జడ్జి విధి. ఇంటి సంగతులు నలుగురిలో చెప్పలేమనుకుంటే, తలుపులు మూసి విచారించమని ఎవరైనా కోరవచ్చు. కక్షిదారులు తమ మాట తామే చెప్పుకోవచ్చు. భార్య తాను ప్రస్తుతం ఉంటున్న చోటి కోర్టులోనే అర్జీ వేసుకోవడానికి 2003లో వీలు కల్పించారు. అంటే పుట్టింట్లో ఉన్న ఆడపిల్ల వాయిదాలకు అత్తవారి ఊరు వెళ్లనవసరం లేదు. ఫ్యామిలీ కోర్టు లేని చోట ఈ వ్యాజ్యాలను ఆ ప్రాంతపు సివిల్ కోర్టు చూస్తుంది.

ప్లీడరు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తారు. ఈ సంస్థ కార్యాలయం జిల్లా కోర్టు ఆవరణలో ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

తండ్రి లేని చోట

విడాకుల చట్టాలు కాపురాలు కూల్చడానికి వచ్చాయని డెబ్భై ఏళ్ల కిందట అన్నారు. ఇప్పటికీ అనేవారున్నారు. దుర్గాబాయి జీవితాన్ని చూస్తే అది సరికాదని అర్థమవుతుంది. విడిపోయిన ఆమె భర్త మీద పగ పెట్టుకోలేదు. ఆయన రెండో భార్యకు కష్టం వస్తే ఆదుకున్నారు. భర్త వదిలేసినవారు, వితంతువులు తక్కువ కాలంలో చదువు పూర్తి చేసుకునేందుకు సంక్షేమ బోర్డు ద్వారా 1958లో ప్రత్యేక కోర్సులు మొదలుపెట్టించారు. ఆడదాన్ని పోరుకు రెచ్చగొట్టడం ఆమె ఉద్దేశం కాదు. బలవంతపు కాపురంలో మగ్గిపోకుండా గౌరవంగా బయటికొచ్చే దారి, వచ్చాక బతికే దారి, రెండూ ఉండాలన్నదే ఆమె తాపత్రయం.

ఆమెకు రామారావు గారి వంటి తండ్రి ఉన్నాడు. మన పల్లెల్లో, అత్తింట్లో దెబ్బలు తిని అర్ధరాత్రి పుట్టింటి తలుపు తట్టే ఆడపిల్లలందరికీ అలాంటి తండ్రి దొరకడం లేదు. పరువు పోతుందని, చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆగిపోతాయని నచ్చజెప్పి, తెల్లవారగానే మళ్లీ బస్సెక్కించి పంపేసే ఇళ్లే ఎక్కువ. అలా బస్సెక్కే పిల్లకు కోర్టు ఒకటుందని, ఫీజు లేని వకీలు ఉన్నాడని, చంటిబిడ్డను తన నుంచి ఎవరూ ఊరికే లాక్కెళ్లలేరని ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మాట పుట్టింటివారే చెబితే అంతకంటే కావలసింది లేదు.